పెప్టైడ్ సీరం ఎలా వాడాలి? మనుషులకు ఒక పద్ధతి, పెంపుడు జంతువులకు ఇంకో పద్ధతి

జుట్టు సీరం సీసాల మీద ఈమధ్య తరచూ కనిపించే పేరు పెప్టైడ్. కొన్ని అమైనో ఆమ్లాలు కలిసిన చిన్న ముక్క అది. వీటిలో బాగా పేరున్నది కాపర్ పెప్టైడ్, జీహెచ్‌కే-సీయూ. ఇందులోని జీహెచ్‌కే అనే పెప్టైడ్‌ను 1973లో శాస్త్రవేత్త లోరెన్ పికార్ట్ మనిషి రక్తపు ప్లాస్మాలో గుర్తించారు. జుట్టు విషయంలో ఆధారాలు ఇంకా చాలావరకు ల్యాబ్ ప్రయోగాలు, చిన్న అధ్యయనాలే. అందుకే వేలు పోసి కొనే ముందు కాస్త ఆగండి.

1. కారణం తేల్చుకోండి. డెంగీ, టైఫాయిడ్ లాంటి జ్వరం తగ్గిన రెండు మూడు నెలలకు, కాన్పు తర్వాత జుట్టు కుచ్చులుగా ఊడుతుంది. చాలామందికి మందేమీ లేకుండానే తిరిగి వస్తుంది. ఆ సమయంలో ఏ సీసా వాడితే ఆ సీసాకే పేరొస్తుంది! పేనుకొరుకుడు, థైరాయిడ్, రక్తహీనత అయితే డాక్టరు దగ్గరే పని. వంశపారంపర్యంగా వచ్చే బట్టతలకు పూతమందుల్లో గట్టి ఆధారాలున్నది మినాక్సిడిల్‌కే. పెప్టైడ్ దానికి తోడు మాత్రమే.

2. లేబుల్ చదవండి. కాపర్ ట్రైపెప్టైడ్-1, అసిటైల్ టెట్రాపెప్టైడ్-3 లాంటి పేర్లు ఉండాలి. కాపర్ పెప్టైడ్ నీలంగా ఉండటం సహజమే. ఇంజెక్షన్ కోసమని ఆన్‌లైన్‌లో అమ్మే పొడుల జోలికి పోవద్దు.

3. చెవి వెనక ఒక చుక్క రాసి ఒకటి రెండు రోజులు చూడండి. దురద, ఎరుపు రాకపోతే మొదలుపెట్టవచ్చు.

4. నూనె లేని, తడి ఆరిన మాడుకు రాయాలి. పాపిళ్లు తీసుకుంటూ డ్రాపర్‌తో చుక్కలు వేసి, వేళ్ల కొసలతో అద్దండి. జుట్టుకు పట్టిస్తే దండగే. విటమిన్ సి సీరం, యాసిడ్ సీరం అదే పూట వద్దు.

5. నెలకోసారి ఒకే వెలుతురులో ఫొటో తీయండి. జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరే పెరుగుతుంది కాబట్టి నాలుగైదు నెలలైనా చూడాలి.

6. ఇక కుక్కలు, పిల్లులు. వీటికి బొచ్చు ఊడితే ముందు వెట్ డాక్టరుకు చూపించండి. గోకుతూ ఊడితే ఫ్లీస్ (బొచ్చులో గెంతే చిన్న పురుగులు), పిడుదులు, గజ్జి, తామర అనుమానించాలి. తామర ఇంట్లో పిల్లలకూ అంటుకుంటుంది. దురద లేకుండా రెండు పక్కలా ఒకేలా ఊడితే అది థైరాయిడ్, కుషింగ్స్ లాంటి హార్మోన్ సమస్య కావచ్చు. చర్మం కాస్త గీకి మైక్రోస్కోప్ కింద చూస్తే, రక్తపరీక్ష చేస్తే చాలాసార్లు సంగతి తెలుస్తుంది.

డాక్టరు పెప్టైడ్ సీరం వాడొచ్చంటేనే, వారు చెప్పినదే వాడండి. పుండు మీద రాయకండి. నాకకుండా మెడకు కోన్ తగిలించి, ఆరేదాకా ఉంచండి.

మీ సీరం మాత్రం వాటికి రాయొద్దు. పెప్టైడ్ సీరాల్లో కొన్నిటిలో మినాక్సిడిల్ కూడా కలుపుతారు. అది కుక్కలకు ప్రమాదం, పిల్లులకైతే కొద్దిగా తగిలినా ప్రాణాంతకం కావచ్చు. మీ దిండు మీద పడుకుని, తర్వాత ఒళ్లు నాక్కున్నా చాలు. టీ ట్రీ ఆయిల్ కూడా వాటికి పడదు. మినాక్సిడిల్ తగిలిందని అనుమానం వస్తే లక్షణాల కోసం ఎదురుచూడకుండా, సీసా చేత పట్టుకుని వెంటనే వెట్ దగ్గరికి వెళ్లండి.