రాష్ట్ర బడ్జెట్‌లో వికాస వైకల్యాల సేవలకు నిధులు అడగడం ఎలా?

అమెరికాలో వికాస వైకల్యాలు (ఆటిజం, డౌన్ సిండ్రోమ్ వంటివి) ఉన్నవారికి ఇంటివద్ద అందే సేవలు చాలావరకు మెడికెయిడ్ (తక్కువ ఆదాయం ఉన్నవారికి, వైకల్యాలున్నవారికి ఫెడరల్, రాష్ట్ర ప్రభుత్వాలు కలిసి నడిపే ఆరోగ్య బీమా) వేవర్ల ద్వారా, అంటే సంస్థల్లో కాకుండా ఇంటివద్దే సేవలు ఇచ్చేందుకు రాష్ట్రాలకు దొరికే నిబంధనల మినహాయింపుల ద్వారా, నడుస్తాయి. 1981లో చట్టంలో చేరిన ఈ వేవర్లు రాష్ట్రాలకు తప్పనిసరి కావు కాబట్టి, ఆదాయం తగ్గిన ఏడాది వీటిపై కోత పడే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది.

అందుచేత ముందుగా తేదీలు తెలుసుకోవాలి. ఎక్కువ రాష్ట్రాల్లో ఆర్థిక సంవత్సరం జూలై 1న మొదలవుతుంది. న్యూయార్క్‌లో ఏప్రిల్ 1న, టెక్సస్‌లో సెప్టెంబర్ 1న. గవర్నర్ ప్రతిపాదన వెలువడ్డాక, శాసనసభలో నిధులు కేటాయించే కమిటీ ఓటు వేయకముందే మాట్లాడాలి. ఆ తర్వాత రాసే ఉత్తరాలకు మర్యాదపూర్వకమైన జవాబు తప్ప మరేమీ దక్కడం అరుదు.

బడ్జెట్ పత్రంలో మీకు సంబంధించిన పద్దును గత ఏడాది అంకెతో పోల్చి చూడండి. పద్దు తగ్గకపోయినా సహాయకుల వేతనాలకు ఆధారమైన రేటు (సేవకు రాష్ట్రం చెల్లించే ధర) పెరగకపోతే, కాగితం మీద మంజూరైన గంటలకు పనిచేసే మనిషి దొరకడు.

కమిటీ ముందు సాధారణంగా కొద్ది నిమిషాలే ఇస్తారు. “మా అబ్బాయికి వారానికి 20 గంటలు మంజూరైతే, మనిషి లేక 12 గంటలే అందుతున్నాయి, ఈ పద్దులో రేటు పెంచండి” అన్నంత సూటిగా అడగండి. వైకల్యమున్న వ్యక్తే మాట్లాడగలిగితే మరీ మంచిది. వేవర్ సేవలపై రాష్ట్రం పెట్టే ప్రతి డాలరుకు ఫెడరల్ ప్రభుత్వం కనీసం మరో డాలరు జతచేస్తుందని, కోత వేస్తే అదీ పోతుందని గుర్తుచేయండి. వాంగ్మూలం ప్రతిని కమిటీ గుమాస్తాకు అందజేసి, బడ్జెట్ చూసే సిబ్బందికి వారంలోగా ఫోన్ చేయండి.