పెంపుడు కుక్కను వేరే ఇంటికి ఇవ్వాల్సి వస్తే

బదిలీ కావచ్చు, ఇంట్లో జబ్బు కావచ్చు, కారణం ఏదైనా కనీసం నెల రోజులు ముందుగా పని మొదలుపెట్టండి. సామాను లారీకెక్కే రోజున వెతికితే ఎవరో ఒకరు దొరుకుతారు గానీ మంచి ఇల్లు దొరకదు. అపార్ట్‌మెంట్ సంఘం వద్దంటోందన్నదే మీ కారణమైతే తొందరపడకండి. జంతు సంక్షేమ బోర్డు మార్గదర్శకాల ప్రకారం కుక్కల పెంపకాన్ని సంఘం నిషేధించకూడదు. అద్దె ఇంటి ఓనరుతో ఒప్పందం సంగతి వేరు.

మొదట పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. రేబిస్ టీకా గడువు దాటి ఉంటే వెంటనే వేయించండి. దాని రక్షణ పూర్తిగా రావడానికి రెండు మూడు వారాలు పడుతుంది. గోమార్లు పట్టి ఉంటే టిక్ ఫీవర్‌కు రక్త పరీక్ష కూడా అడగండి. పైకి హుషారుగా కనిపించే కుక్క ఇల్లు మారిన దిగులుతో తిండి తగ్గించినప్పుడు ఈ జ్వరం బయటపడుతుంది, అప్పుడు కొత్తవాళ్లు జబ్బు కుక్కను అంటగట్టారంటారు. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించకుండా ఆడకుక్కను ఇవ్వవద్దు. జాతి ఆడకుక్క కోసం కుక్కపిల్లల వ్యాపారం చేసేవాళ్లు చాలా మర్యాదగా వస్తారు. కుట్లు మానడానికి పది పద్నాలుగు రోజులు పడుతుంది, అది కూడా నెలలో లెక్కేసుకోండి.

కుక్క ఎవరినైనా కరిచి ఉంటే ఆ రోజు నుంచి పది రోజులు వేరే ఇంటికి పంపకండి. కరిచినప్పుడు దానికి రేబిస్ ఉండి ఉంటే ఆ పది రోజుల్లోనే తెలిసిపోతుంది. కరిపించుకున్నవాళ్లు మాత్రం ఆగకూడదు. పుండును సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, వెంటనే టీకా మొదలుపెట్టాలి.

వాట్సాప్ గ్రూపులో ‘ఉచితం’ అని రాయకండి. పగటి వెలుతురులో, గొలుసు లేకుండా, కుక్క కంటి ఎత్తు నుంచి ఫొటో తీయండి. వయసు, టీకాలు, ఆపరేషన్, అలవాట్లు రాయండి. దీపావళి టపాసులకు మంచం కింద దూరుతుందా, గిన్నె దగ్గరికి పిల్లలొస్తే గుర్రుమంటుందా అన్నవి కూడా అందులో ఉండాలి. దాచిన లోపమే కుక్కను వారంలో వెనక్కి తెస్తుంది.

మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఎక్కువగా అడిగేది కాపలాకు. ఇందుకూరుపేట, అల్లూరు వైపు రొయ్యల గుంటలు, పొదలకూరు నిమ్మతోటలు, చీమకుర్తి క్వారీలు. నాటు కుక్కకో, మొరటుగా పెరిగిన కుక్కకో తోట బతుకు బాగానే ఉండొచ్చు. ఇంట్లో ఫ్యాను కింద పెరిగిన ల్యాబ్రడార్‌కు, పగ్‌కు మాత్రం కాదు. ఎవరు అడిగినా ముందు ఆ చోటికి వెళ్లి చూడండి. రాత్రి మనిషి అక్కడే పడుకుంటాడా? మే నెల మధ్యాహ్నం నీడ ఎటు పడుతుంది? గుంటల దగ్గర బోరు నీళ్లు చాలాచోట్ల ఉప్పన, కుక్కకు మంచినీళ్లు ఎక్కడి నుంచి వస్తాయి? రోజంతా గొలుసేనా? సూటిగా జవాబు చెప్పనివాళ్లకు ఇవ్వకండి. ఇంట్లోకే తీసుకుంటామన్నా, ఇంటిల్లిపాదీ ఒప్పుకున్నారో లేదో మీరే అడగండి.

ఇల్లు కుదిరాక ఒక కాగితం రాసుకోండి: తేదీ, ఇద్దరి పేర్లు, చిరునామాలు, కుక్క గుర్తులు, సాకలేకపోతే మీకే తిరిగి ఇవ్వాలన్న షరతు, ఇద్దరి సంతకాలు. టీకాల పుస్తకం అసలుదే ఇవ్వండి. జాతి కుక్కలను నమోదు చేసే కెన్నెల్ క్లబ్ పత్రాలు, గుర్తింపు కోసం చర్మం కింద పెట్టే మైక్రోచిప్ ఉంటే వాటిలో యజమాని పేరు మార్పించండి.

ఎండాకాలమైతే తెల్లవారుజామునే తీసుకెళ్లండి, ఆగి ఉన్న కారులో కుక్కను ఒక్క క్షణం కూడా వదలవద్దు. పది రోజులకు సరిపడా పాత తిండి, ఉతకని పరుపుగుడ్డ, గిన్నె వెంట పంపండి. పెరుగన్నం తినే కుక్కకు ఒక్కసారిగా ప్యాకెట్ తిండి పెడితే విరేచనాలు పట్టుకుంటాయి. వారం రోజుల మీద కొద్దికొద్దిగా మార్చమనండి.

ఇల్లు దొరకలేదని హైవే దాబా దగ్గరో, మైపాడు బీచ్‌లోనో దించి రాకండి. ఆ చోటు అక్కడి వీధికుక్కలది, కొత్త కుక్కను అవి బతకనివ్వవు. 1960 జంతు హింస నివారణ చట్టం కింద అలా వదిలేయడం నేరం కూడా. వీధికుక్కల ఆపరేషన్ కేంద్రాలు పెంపుడు కుక్కలను ఉంచుకోవడానికి పెట్టినవి కావు. షెల్టర్ ఏదైనా ముందు ఫోన్ చేసి, చోటు ఉందంటేనే వెళ్లండి. ముసలి కుక్కలు అక్కడ తిండి మానేస్తాయి, వాటిని బంధువుల ఇంట సర్దగలిగితే అదే మేలు.

మొదటి వారం ప్రహరీ లోపల కూడా తాడు వదలవద్దని కొత్తవాళ్లకు గట్టిగా చెప్పండి. మెడపట్టీ మీద రెండు ఇళ్ల ఫోన్ నంబర్లూ ఉండాలి. తప్పిపోయిందని ఫోన్ వస్తే మీరే వెళ్లండి. ఊరు నిద్ర లేవకముందు, ఒక్కరే, నేల మీద కూర్చుని పిలవండి. నలుగురు వెంటపడితే ఇంకా దూరం పరుగెడుతుంది.