మోటర్‌హోమ్ పైకప్పు తూములు పూడిపోతే: కొత్తగా వచ్చినవారికి సూచనలు

కొత్త దేశంలో కాస్త కుదురుకున్నాక చాలామంది పాత మోటర్‌హోమ్ (లోపలే ఉండేందుకు వసతి ఉన్న బండి) ఒకటి కొంటారు, లేదంటే సెలవులకు అద్దెకు తీసుకుంటారు. ఇంజను, టైర్లు, గ్యాస్, బ్యాటరీ గురించి గుచ్చి గుచ్చి అడుగుతారు. పైకప్పు మీద పడిన వాన ఏ దారిన కిందికి దిగుతోందని మాత్రం అడగరు. లోపల ఒక మూల గోడ ఉబ్బాక వర్క్‌షాపుకు వెళ్లి "రూఫ్ లీకవుతోంది" అంటారు. విన్నవాళ్లు పైనంతా సీలెంట్ (సందులు మూసే జిగురు) పూసి పంపిస్తారు. మళ్లీ వాన పడితే మళ్లీ అక్కడే తడి. సీలెంట్ ట్యూబు ముట్టుకునే ముందు తూములు పారుతున్నాయో లేదో చూడాలి.

మీ బండి ఏ రకమో మొదట తెలుసుకోండి. కొన్నింటికి గోడ పై అంచు వెంట బయటికే కనిపించే సన్నటి కాలువ ఉంటుంది, దాన్ని డ్రిప్ రెయిల్ అంటారు. దాని చివర పక్షి ముక్కులాంటి ప్లాస్టిక్ స్పౌట్ ఉంటుంది. వీటితో పెద్ద తిప్పలు లేవు. చెంచాతో గోకి, బ్రష్‌తో తుడిస్తే పావుగంట పని. రెండో రకంలో పైకప్పు అంచు గట్టులా లేచి, దాని లోపలివైపు కాలువ ఉంటుంది. మూలల్లో రంధ్రాలుంటాయి. వాటి నుంచి సన్నటి గొట్టాలు గోడ లోపలి నుంచే దిగి చక్రం వెనకో, బంపర్ కిందో బయటపడతాయి. అసలు చిక్కంతా ఈ రకంతోనే, ఎందుకంటే గొట్టం పూడినా, మధ్యలో ఊడినా కంటికి కనబడదు.

పూడిందని పట్టించే గుర్తులు కొన్నున్నాయి. వాన వెలిసి చాలాసేపయ్యాక బండి కదిలించి మొదటి బ్రేకు వేయగానే ముందు అద్దం మీదికి నీళ్లు ఒక్కసారిగా జారితే, కాలువలో నీరు నిలిచి ఉందన్నమాట. వాన పడుతుండగా మూడు మూలల కింద నీళ్లు కారుతూ నాలుగోది పొడిగా ఉంటే అనుమానం ఆ మూల మీదే. పక్క గోడ మీద నల్లటి చారలు స్పౌట్ దగ్గర కాక మధ్యలో కనిపిస్తే, నీళ్లు అక్కడ కాలువ పొర్లి దిగుతున్నాయి.

పూడికకు ఆకులొక్కటే కారణం కాదు. పెద్ద ఆకును గాలే ఎగరేసుకుపోతుంది. పైన్ సూదులే మొండివి. అవి రంధ్రం మీద అడ్డదిడ్డంగా పడి జల్లెడ కడతాయి, ఆ సందుల్లో పుప్పొడి, దుమ్ము, నాచు చేరి గట్టిపడతాయి. రబ్బరు పైకప్పు ఎండకు పాతబడి తెల్లపొడి రాలుస్తుంది, అదీ వచ్చి ఇక్కడే చేరుతుంది. కింది చివర కందిరీగలు మట్టిగూళ్లు కడతాయి. ఇంకో కారణం మనుషులు చేసేది: పైకప్పుకు సీలెంట్ వేసినప్పుడు ఒక ముద్ద జారి రంధ్రం అంచును సగం మూసేస్తుంది. ఈమధ్యే సీలెంట్ వేయించిన బండి అయితే మొదట అదే చూడండి.

నిలిచిన నీరు కాలువ గట్టు దాటితే, పైకప్పూ గోడా కలిసే అతుకు దగ్గరికి చేరుతుంది. ఆ అతుకు కింద బ్యూటైల్ టేపు (నీరు దిగకుండా అతికించే జిగురు పట్టీ), స్క్రూలు ఉంటాయి. ఏళ్లు గడిచేకొద్దీ టేపు ఎండి బిగుసుకుపోతుంది. స్క్రూ వెంట దిగిన చెమ్మ లోపలి చెక్క ఫ్రేమును నెమ్మదిగా చివికిస్తుంది. చలి దేశాల్లో దీనికి తోడు మంచు. నీరు గడ్డకడితే ఘనపరిమాణం సుమారు 9 శాతం పెరుగుతుంది. పూడిన గొట్టంలోనో స్పౌట్‌లోనో ఉన్న నీళ్లు గడ్డకడితే ప్లాస్టిక్ పగులుతుంది, మంచు కరిగిన రోజున గానీ ఆ సంగతి బయటపడదు. అందుకే ఏడాదికి రెండుసార్లు శుభ్రం చేయాలి: ఆకులు పూర్తిగా రాలాక, మొదటి గడ్డకట్టే రాత్రికి ముందు ఒకసారి, వసంతంలో పుప్పొడి కాలం ముగిశాక ఇంకోసారి. సగం ఆకులు చెట్టు మీదుండగానే చేస్తే పని రెండింతలు.

ఎక్కే ముందు జాగ్రత్తలు. నిచ్చెనను కాలువ అంచుకు ఆనించవద్దు, రెయిల్ వంగితే నీళ్లు అక్కడే నిలుస్తాయి. సొంత కాళ్ల మీద నిలబడే స్టెప్ నిచ్చెన మేలు. ఆనించే నిచ్చెనే వాడాల్సి వస్తే నిచ్చెనను అంచుకు దూరంగా ఉంచి గోడకు తగిలే స్టాండ్-ఆఫ్ (ఆధారపు చట్రం) బిగించి, ప్రతి 4 అడుగుల ఎత్తుకు అడుగుభాగం 1 అడుగు దూరం ఉంచండి. పైకప్పు మీద నడవొచ్చో లేదో బండి మాన్యువల్లో ఉంటుంది. నడవకూడదని ఉంటే నిచ్చెన మీది నుంచే పని కానివ్వండి. నడవొచ్చని ఉన్నా ప్లైవుడ్ పలక పరిచి మోకాళ్ల మీద ఉండండి, తడిసిన రబ్బరు పైకప్పు మీద కాలు నిలవదు. గాలి ఎక్కువగా ఉన్న రోజు ఈ పని పెట్టుకోవద్దు.

కావలసినవి: ప్లాస్టిక్ చెంచా, పాత టూత్‌బ్రష్, రబ్బరు గ్లవ్స్, మాస్కు, లీటరు సీసా, బకెట్, గిన్నెలు తోమే సబ్బు, తడిని కూడా పీల్చే వాక్యూమ్, గడ్డికోత యంత్రంలో వాడే 2.4 మి.మీ. నైలాన్ తాడు 3 మీటర్లు. తాడు కొసను లైటర్‌తో కరిగించి గుండ్రంగా చేయండి. కోసినట్టే వదిలేస్తే ఆ పదునుకు గొట్టం చిరుగుతుంది.

చాలామంది పైకెక్కగానే హోస్ తిప్పి నీళ్లు కొడతారు. అలా చేస్తే కాలువలోని బురదంతా కొట్టుకొచ్చి గొట్టంలో బిరడాలా దిగుతుంది. ముందు రంధ్రంలో గుడ్డ కుక్కి, కాలువలో పూడికను పొడిగానే చెంచాతో తీయండి. పక్షిరెట్టలు ఉంటే దుమ్ము లేవకుండా కొద్దిగా నీళ్లు చిలకరిస్తే చాలు. తర్వాత గుడ్డ తీసి రంధ్రం అంచును బ్రష్‌తో శుభ్రం చేయండి.

గొట్టం పని మాత్రం కింది నుంచి మొదలుపెట్టాలి. పై నుంచి పొడిస్తే పూడిక ఇంకా బిగుస్తుంది, కింది నుంచి లాగితే వదులవుతుంది. కింది కొస వెతికి పట్టుకోండి. కొన్నింటికి చివర బాతుముక్కులా నొక్కుకుపోయిన రబ్బరు మూతి ఉంటుంది, చాలాసార్లు అడ్డు అక్కడే ఉంటుంది. రెండు వేళ్లతో పక్కల నుంచి నొక్కి నోరు తెరిపిస్తే నల్లటి బురద జారిపడుతుంది. పడకపోతే వాక్యూమ్ గొట్టాన్ని ఆ కొసకు పెట్టి, చుట్టూ తడిగుడ్డ బిగించి, అరనిమిషం చొప్పున రెండు మూడు సార్లు లాగండి. తర్వాత పై నుంచి గోరువెచ్చటి సబ్బునీళ్లు 100 మి.లీ. పోసి, పది నిమిషాలు నాననిచ్చి, మళ్లీ లాగండి. అప్పటికీ కదలకపోతేనే నైలాన్ తాడు. కింది నుంచే, వేళ్ల మధ్య మెలితిప్పుతూ ఎక్కించండి. ప్రతిసారీ ఒకే లోతులో ఆగుతోందంటే అది పూడిక కాకపోవచ్చు, గొట్టం వంపు కావచ్చు. బలవంతం చేయవద్దు.

ఇనుప తీగ, కంప్రెసర్ గాలి, ప్రెషర్ వాషర్ ఈ మూడూ దగ్గరికి రానివ్వవద్దు. తీగ గొట్టాన్ని పొడుస్తుంది. గాలి, నీటి ఒత్తిడి గొట్టాన్ని గోడ లోపలే జాయింటు నుంచి ఊడగొడతాయి. అప్పుడు తూము బాగా పారుతున్నట్టే కనిపిస్తుంది, ఆ నీళ్లు మాత్రం గోడలోకి పోతుంటాయి. సింకుల్లో పోసే కాస్టిక్ డ్రెయిన్ క్లీనర్ అల్యూమినియాన్ని తినేస్తుంది. పెట్రోలియం ద్రావకాలు తగిలితే రబ్బరు పైకప్పు ఉబ్బుతుంది.

ఇప్పుడు పరీక్ష. కింది కొస దగ్గర బకెట్ పెట్టి, పై రంధ్రంలో సరిగ్గా 1 లీటరు నీళ్లు నెమ్మదిగా పోయండి. బకెట్లోకి వచ్చినవి కొలవండి. గొట్టం గోడలకు అంటుకునే కొద్దిపాటి నీళ్లు పోగా దాదాపు లీటరూ తిరిగి రావాలి. పావులీటరో, అరలీటరో తక్కువైతే గొట్టం ఎక్కడో ఊడింది, లేదా పగిలింది. వెంటనే ఆపేసి, లోపల ఆ మూలనున్న అల్మారా వెనక ప్యానెల్ విప్పి చూడండి. నీళ్లు పూర్తిగానే వచ్చినా ఆలస్యంగా వస్తుంటే, అదే పొడవు గొట్టమున్న ఎదురు మూలతో సమయం పోల్చండి. తేడా బాగా ఉంటే పూడిక ఇంకా మిగిలి ఉంది.

ఊడిన గొట్టం కొస గట్టిపడి ఉంటుంది. పొడవు సరిపోతే ఆ గట్టిపడిన కొసను 2 సెం.మీ. మేర కోసేసి, వేడినీళ్లలో ముంచి మెత్తబరిచి జాయింటుకు ఎక్కించి స్టెయిన్‌లెస్ క్లిప్పు వేయండి. గొట్టం ఎక్కడా ఉయ్యాలలా వేలాడకుండా పై నుంచి కిందిదాకా వాలుగానే పోవాలి. చెమ్మ పూర్తిగా ఆరనిదే ప్యానెల్ మూయవద్దు, ఫ్యాన్ పెట్టినా కొన్ని రోజులు పడుతుంది.

స్పౌట్ విరిగితే కొత్తది కొనే ముందు రెయిల్ వెడల్పు, లోతు కొలిచి పెట్టుకోండి. కుడి ఎడమలకు వేర్వేరు ముక్కలు వస్తాయి. రంధ్రాల మీద సన్నటి జాలీ పెట్టమని కొందరు చెబుతారు. దాని వల్ల లాభం తక్కువ. గొట్టం బదులు జాలీ పూడుతుంది, అదీ ఇంకా త్వరగా. అంతకన్నా బండిని నెలల తరబడి నిలిపేటప్పుడు తూము ఉన్న మూల వైపు కొంచెం వాలేలా, ఎదుటి చక్రం కింద లెవెలింగ్ ర్యాంపు (చక్రాన్ని ఎత్తు చేసే వాలు దిమ్మ) పెట్టడం మేలు. పూర్తి మట్టంగా నిలిపిన బండి మీదే నీళ్లు నిలుస్తాయి. అబ్సార్ప్షన్ ఫ్రిజ్ (కంప్రెసర్ లేకుండా, వేడితో పనిచేసే రకం) నడుస్తున్నప్పుడు మాత్రం బండి మట్టంగా ఉండాలి.

అద్దె బండి అయితే మీరు ఎక్కవద్దు. ఫోటో తీసి యజమానికి పంపండి. క్యాంపుసైట్లో నీళ్లు పారబోసే ముందు అక్కడివాళ్లను అడగండి, చాలాచోట్ల వాహనాలు కడగనివ్వరు. బండి కొనడానికి వెళ్లేటప్పుడు లీటరు సీసా, కొలత గిన్నె వెంట తీసుకెళ్లి, ఎండ కాసే రోజైనా సరే అమ్మేవారిని అడిగి నాలుగు మూలలూ పరీక్షించండి.

వర్క్‌షాపులో "రూఫ్ లీక్" అనకుండా "డ్రెయిన్ ట్యూబ్ పరీక్షించండి, ఫలానా మూలలో లీటరు పోస్తే ఇంతే వచ్చింది" అని చెప్పండి. నెమ్మదిగా దిగిన చెమ్మ వల్ల జరిగిన నష్టాన్ని చాలా బీమా పాలసీలు కవర్ చేయవు. కొన్ని తయారీ సంస్థలు నీటి చెమ్మ వారంటీ నిలవాలంటే ఏటా డ్యాంప్ పరీక్ష (గోడల్లో చెమ్మ ఎంతుందో కొలిచేది) చేయించమంటాయి. కాబట్టి శుభ్రం చేసిన ప్రతిసారీ తేదీ కనిపించేలా ఫోటోలు తీసి, ఆ పరీక్ష రిపోర్టుతో పాటు దాచండి.