తుఫాను నెలల్లో నాహా ప్రయాణం: తీసుకోవలసిన జాగ్రత్తలు

జపాన్ దక్షిణపు కొసన ఒకినావా ద్వీపంలో ఉన్న నాహా నగరానికి జులై, అక్టోబరు నెలల మధ్య వెళ్ళదలచుకున్నవారు అన్నిటికంటే ముందు ఒక విషయం మనసులో పెట్టుకోవాలి. ఆ నగరం నుంచి బయటపడాలంటే విమానం ఎక్కాలి, లేదా ఓడ ఎక్కాలి. టోక్యో అక్కడికి సుమారు 1,500 కిలోమీటర్ల దూరంలో ఉంది. మధ్యలో ఉన్నదంతా సముద్రమే కనుక రైలు, బస్సు అన్న మాటకు తావు లేదు. తుఫాను వచ్చినప్పుడు విమానాలూ ఓడలూ ఒకేసారి ఆగిపోతాయి. అందువల్ల ఈ ప్రయాణానికి కావలసిన జాగ్రత్తల్లో సగం గాలివానకు సంబంధించినవి కాగా, మిగతా సగం చేతిలో ఉంచుకోవలసిన రోజులకు సంబంధించినవి. నా అభిప్రాయంలో రెండవదే ముఖ్యం, ఎందుకంటే నాహాలో హోటళ్ళు, ఇళ్ళు చాలావరకు గట్టి కాంక్రీటు కట్టడాలు. లోపల ఉన్న మనిషికి ప్రాణభయం తక్కువ. ఇబ్బంది పడేది ఎక్కువగా తిరుగు ప్రయాణానికి ఒక్క రోజు కూడా వెసులుబాటు ఉంచుకోనివారే.

ఒకినావాలో వానాకాలం సాధారణంగా మే రెండవ వారంలో మొదలై జూన్ మూడవ వారం దాటేసరికి ముగుస్తుంది. మన పిల్లల వేసవి సెలవుల్లో వెళ్ళేవారికి ఈ వానలు తగులుతాయి గాని, అవి ప్రయాణాన్ని అంతగా చెడగొట్టవు. తుఫానులు ఎక్కువగా దగ్గరికి వచ్చేది ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో. టోక్యో, యొకోహామా ప్రాంతాల్లో ఉద్యోగాలు చేసుకుంటున్న తెలుగువారికి కుటుంబంతో కలిసి వెళ్ళడానికి వీలు దొరికేది ఆగస్టు నడుమ వచ్చే ఒబోన్ (పితృదేవతలను తలచుకునే జపాన్ పండుగ) సెలవుల్లోనే కాబట్టి, వారు సరిగ్గా ఆ గడ్డు రోజుల్లోనే ఒకినావాలో దిగుతారు. సెలవు తేదీలను మార్చుకునే అవకాశం ఉన్నవారికి నేను అక్టోబరు చివరి భాగమో నవంబరో సూచిస్తాను. అప్పటికీ అక్కడ చలి ఉండదు.

తుఫాను అంటే మనకు తెలుసు కదా అన్న ధీమా కోస్తా వారికి సహజం. 2014 అక్టోబరు 12న విశాఖపట్నాన్ని తాకిన హుద్‌హుద్‌ను చూసినవారికి గాలి భయం గురించి ఎవరూ చెప్పనక్కరలేదు. అయితే బంగాళాఖాతపు తుఫాను తీరం దాటాక నేల మీద బలం కోల్పోతుంది. ఆ రాత్రి గడిస్తే గండం గడిచినట్టే. ఒకినావా సన్నని ద్వీపం కావడం వల్ల తుఫాను దాని మీదుగా దాటిపోయినా తిరిగి వెచ్చని సముద్రం మీదకే చేరుతుంది, కాబట్టి దాని బలం అంతగా తగ్గదు. పైగా ఆ ప్రాంతంలో తుఫానును నడిపించే పైగాలులు కొన్నిసార్లు బలహీనంగా ఉండడం వల్ల అది నత్తనడక నడుస్తుంది, ఉన్నచోటే తచ్చాడుతుంది, ఒక్కొక్కసారి వెనక్కి కూడా మళ్ళుతుంది. 2023 ఆగస్టు మొదటి వారంలో ఖనూన్ అనే తుఫాను చేసింది ఇదే. అది ఒకినావాను దెబ్బతీసి పడమటికి సాగి, తూర్పు చైనా సముద్రంలో మలుపు తిరిగి మళ్ళీ ఆ దీవుల వైపే వచ్చింది. ద్వీపంలో లక్షలాది ఇళ్ళకు కరెంటు పోయింది. నాహా నుంచి విమానాలు రోజుల తరబడి రద్దయి పర్యాటకులు చిక్కుకుపోయారు. అటువంటిది ప్రతి ఏడూ జరగదు గాని, జరిగే వీలున్న చోటికే వెళుతున్నామని లెక్క వేసుకోవాలి.

కాబట్టి టికెట్లు కొనే రోజునే జాగ్రత్త మొదలు కావాలి. నాహా నుంచి టోక్యోకో ఒసాకాకో చేరి, అదే రోజు అక్కడి నుంచి భారతదేశానికి విమానం ఎక్కేలా ఏర్పాటు చేసుకోవడం ఈ నెలల్లో తగని పని. రెండు విమానాలూ ఒకే బుకింగ్ కింద ఉంటే మొదటిది రద్దయినప్పుడు విమాన సంస్థ మరో ఏర్పాటు చూస్తుంది. విడివిడిగా కొన్న టికెట్లయితే రెండవ సంస్థకు మీ తుఫానుతో సంబంధం ఉండదు. నాహాను ప్రయాణం చివర్లో కాక మొదట్లో పెట్టుకుని, దాని తరువాత టోక్యో, క్యోటో వంటి చోట్లకు రోజులు కేటాయించుకుంటే, ఒకటి రెండు రోజులు ఆలస్యమైనా కోత పడేది ఆ రోజులకే గాని ఇంటికి చేరే విమానానికి కాదు. వీసా మీద అనుమతించిన బస కూడా ప్రయాణపు రోజులకు సరిగ్గా సరిపోయేలా కాక, కొంచెం ఎక్కువగా ఉండేలా చూసుకోవడం మంచిది.

ప్రకృతి వైపరీత్యం కారణంగా విమానం రద్దయితే సంస్థలు టికెట్ డబ్బు తిరిగి ఇస్తాయి, లేదా మరో రోజుకు మారుస్తాయి. హోటలు, భోజనం ఖర్చు మాత్రం సాధారణంగా ప్రయాణికుడిదే. ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకునేవారు విమాన ఆలస్యానికీ అదనపు బసకూ పరిహారం ఉందో లేదో చదివి చూడాలి, ప్రయాణానికి చాలా ముందే తీసుకోవాలి. తుఫాను పుట్టి వార్తల్లోకి ఎక్కాక కొన్న పాలసీ ఆ తుఫానుకు సాధారణంగా పనికిరాదు.

మందుల విషయం ప్రత్యేకంగా చెప్పాలి. బీపీ, షుగరు, థైరాయిడ్ మాత్రలు రోజూ వాడే పెద్దవారు ప్రయాణపు రోజుల కంటే కనీసం ఒక వారానికి ఎక్కువగా తీసుకువెళ్ళాలి. డాక్టరు రాసిన మందులను ఒక నెలకు సరిపడా వరకు మామూలుగా అనుమతిస్తారు. అంతకు మించితే ముందే జపాన్ అధికారుల నుంచి పత్రం పొందాలి. మన దగ్గర జలుబుకు చొరవగా వేసుకునే కొన్ని మాత్రల్లో సూడోఎఫెడ్రిన్ ఉంటుంది. అది 10 శాతానికి మించి ఉన్న మందును జపాన్‌లోకి తీసుకురావడమే నేరం, కనుక పెట్టెలో వేసే ముందు మాత్రల పట్టీ మీద రాసి ఉన్నది చదవాలి. డాక్టరు రాసిన మందుల చీటీ నకలు ఇంగ్లిష్‌లో దగ్గర ఉంచుకోవాలి.

ఇక తుఫాను వార్తను చదవడం. జపాన్ వాతావరణ సంస్థ తుఫానులను ఆ ఏటి వరుస సంఖ్యతో పిలుస్తుంది. ఖనూన్ అక్కడివారికి ఆరవ నంబరు తుఫాను. హోటల్లోనో రైల్లోనో వినపడేది సంఖ్యే కాబట్టి దాన్ని గుర్తుపెట్టుకోవాలి. ఆ సంస్థ ప్రచురించే పటంలో గీతగీతలుగా కనిపించే తెల్లని వలయాన్ని చాలామంది తుఫాను పరిమాణం అనుకుంటారు. అది తుఫాను కేంద్రం ఆ సమయానికి 70 శాతం సంభావ్యతతో ఎక్కడ ఉండవచ్చో చెప్పే వలయం. రోజులు ముందుకు పోయేకొద్దీ అది పెద్దదవడం అంచనాలో అనిశ్చితి పెరగడాన్ని సూచిస్తుంది. పసుపు వలయం లోపల సెకనుకు 15 మీటర్లు, ఎరుపు వలయం లోపల 25 మీటర్లు, ఆపైన గాలి ఉంటుంది. మనకు అలవాటైన గంటకు కిలోమీటర్ల లెక్కలోకి మార్చుకోవడానికి 3.6తో గుణిస్తే చాలు: 25 మీటర్లంటే 90 కిలోమీటర్లు, 50 మీటర్లంటే 180. ఇవి పది నిమిషాల సగటు వేగాలు. విసురుగాలి అంతకు ఒకటిన్నర రెట్లు దాటవచ్చు. నాహా ఎరుపు వలయంలోకి ఎప్పుడు వస్తుందో, ఎప్పుడు బయటపడుతుందో చూసుకుంటే, గదిలో ఎన్ని గంటలు గడపవలసి వస్తుందో దాదాపుగా తెలిసిపోతుంది.

మార్గం మీద నాహా ఉందని తేలాక చేయవలసిన పనులకు ఒక క్రమం ఉంది. కెరామా దీవులకు, అంటే జమామి, తొకాషికి వంటి చోట్లకు వెళ్ళి ఉంటే, ఆకాశం ఎంత నిర్మలంగా కనిపిస్తున్నా ఆలస్యం చేయకుండా తిరిగి రావాలి. నాహాలోని తొమారి రేవు నుంచి నడిచే పడవలు తుఫాను రావడానికి చాలా ముందే అలల కారణంగా ఆగిపోతాయి, ముందుగా చిన్న వేగపు పడవలు, తరువాత పెద్ద ఫెర్రీలు. తరువాత ఆహారం. ఒకినావాకు సరుకులు చాలావరకు ఓడల మీద వస్తాయి కనుక తుఫానుకు ముందు రోజు దుకాణాల్లో బ్రెడ్డు, పాలు, కప్పు నూడుల్స్ అయిపోతాయి, తుఫాను వెళ్ళిన తరువాత కూడా ఓడ వచ్చేదాకా అరలు ఖాళీగానే ఉంటాయి. అక్కడి వంటల్లో పంది మాంసం, ఎండు చేపతో కాచిన రసం విరివిగా వాడతారు. శాకాహారులకు మామూలు రోజుల్లోనే వెతుకులాట తప్పదు. తుఫాను రోజుల్లో దొరకదనే అనుకోవాలి. ఇంటి నుంచి తెచ్చుకున్న అటుకులు, వేయించిన పప్పులు, పొడులు, వేడినీళ్ళు పోస్తే తయారయ్యే ఉప్మా వంటివి రెండు రోజులకు సరిపడా విడిగా దాచుకోవాలి. కరెంటు పోతే కెటిల్ పనిచేయదు కాబట్టి అందులో కొంత ఉడికించకుండా తినగలిగేదై ఉండాలి.

గదిలో స్నానపు తొట్టిని నీళ్ళతో నింపి పెట్టుకోవాలి, ఎందుకంటే కరెంటుతో నడిచే పంపు ఆగితే కుళాయిలూ ఆగుతాయి. ఫోన్లు, పవర్ బ్యాంకులు నిండా ఛార్జి చేసుకుని, కొంత నగదు తీసి ఉంచుకోవాలి. మోకాళ్ళ నొప్పులున్న అమ్మానాన్నలతో వెళ్ళినవారు హోటల్లో దిగేటప్పుడే మూడో అంతస్తో నాలుగో అంతస్తో కోరుకోవాలి. లిఫ్టు ఆగిన రోజున పన్నెండో అంతస్తు వారికి చెర అవుతుంది. సిటీ బస్సులు, మోనోరైలు ఆగిపోతున్నాయని ప్రకటన వచ్చిందంటే నగరం మూతపడుతున్నదని అర్థం, ఆ తరువాత బయట ఉండకూడదు.

గాలి వీస్తున్నంతసేపూ కిటికీలకు దూరంగా, కర్టెన్లు మూసుకుని లోపలే ఉండాలి. దృశ్యాన్ని ఫోన్లో బంధించాలని తలుపు తెరవడం చాలా ప్రమాదకరం. ఆ గాలికి తలుపు విసురుగా మూసుకుని వేళ్ళు నలిగిపోతాయి. ఉన్నట్టుండి గాలి ఆగి ఆకాశం తేటపడితే తుఫాను వెళ్ళిపోయిందని నమ్మకూడదు. తుఫాను కన్ను నగరం మీదుగా పోతున్నప్పుడు అలాగే ఉంటుంది. కాసేపటికి అంతే బలమైన గాలి ఎదురు దిక్కు నుంచి మొదలవుతుంది. ఈ విరామంలో కన్వీనియన్స్ స్టోర్‌కు బయలుదేరడం కంటే ఆకలితో ఉండడం మేలు. విమానం రద్దయితే విమానాశ్రయానికి పరుగెత్తడం వల్లా లాభం లేదు. టికెట్ మార్పు ఫోన్లోనే చేసుకుని, హోటల్ గదిని మరో రాత్రికి పొడిగించుకోవడం మొదటి పని కావాలి, ఎందుకంటే అదే గంటలో వేలమంది అదే ప్రయత్నంలో ఉంటారు.

తుఫాను కంటే మోసపుచ్చేది సముద్రం. వందల కిలోమీటర్ల దూరాన ఉన్న తుఫాను పుట్టించిన పొడవాటి అలలు దానికంటే రెండు మూడు రోజుల ముందే తీరానికి చేరతాయి. ఎండ కాస్తూనే ఉంటుంది, నీళ్ళు నీలంగా మెరుస్తూనే ఉంటాయి. పగడపు దిబ్బలకూ ఒడ్డుకూ నడుమ ఉండే లోతు తక్కువ నీరు చెరువులా ప్రశాంతంగా కనిపించినా, ఆటు సమయంలో ఆ నీరంతా దిబ్బల మధ్య ఉన్న సందుల గుండా బయటి సముద్రంలోకి బలంగా పారుతుంది. ఆ ప్రవాహంలో చిక్కినవారు ఎదురీదకుండా తేలుతూ, పక్కకు ఈదుతూ, చేయెత్తి సహాయం కోరాలి. ఈత రానివారు, వచ్చినా సముద్రంలో అలవాటు లేనివారు లైఫ్ జాకెట్ లేకుండా స్నోర్కెలింగుకు దిగకూడదు. పర్యవేక్షకులు లేని ఒడ్డున పిల్లలను అసలు దింపకూడదు. నాహా నగరంలోని నామినోవే బీచ్ చిన్నదే, పక్కనే వంతెన ఉండడం వల్ల అందం కొంత తగ్గిన మాటా నిజమే, కాని కాపలా ఉన్న చోటు కనుక కుటుంబాలకు దాన్నే సూచిస్తాను.

జూన్ నుంచి అక్టోబరు వరకు ఒడ్డు దగ్గర హాబు జెల్లీఫిష్ తిరుగుతుంది. పారదర్శకంగా ఉండి, మోకాలి లోతు నీళ్ళలో కూడా కంటికి ఆనదు. దాని విషం చిన్నపిల్లల ప్రాణం తీయగలదు. వల కట్టిన ప్రదేశంలోనే, ఒళ్ళు కప్పే ఈత దుస్తులతో దిగాలి. కుట్టినప్పుడు రుద్దకుండా వెనిగర్ ధారాళంగా పోసి, తంతువులను తీసేసి, మంచుతో చల్లబరచి ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. నీలి రంగు బుడగతో తేలే మరో జాతి కుట్టితే మాత్రం వెనిగర్ పోయకూడదు. సముద్రపు నీటితోనే కడగాలి. రాయిలా కనిపించే విషపు చేపలు, అందమైన శంఖాల్లో దాగి కాటువేసే ప్రాణులు కూడా అక్కడ ఉన్నాయి కాబట్టి ఉత్త కాళ్ళతో దిబ్బల మీద నడవడం, బతికి ఉన్న గవ్వలూ శంఖాలూ ఏరడం రెండూ మానుకోవాలి.

ఎండ గురించి మనవారు చులకనగా మాట్లాడతారు. రామగుండం, రెంటచింతల ఎండలు చూసినవారికి 32 డిగ్రీలు ఒక లెక్కా అనిపించవచ్చు. అక్కడి గాలిలో తేమ వల్ల చెమట ఆరదు, రాత్రి కూడా ఒళ్ళు చల్లబడదు. షురి కోట మెట్లు మధ్యాహ్నం పూట ఎక్కకుండా ఉదయమే వెళ్ళి రావాలి.

కారు అద్దెకు తీసుకునేవారికి మన అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ చెల్లుతుంది, అక్కడా వాహనాలు ఎడమవైపే నడుస్తాయి. అయితే రోడ్ల తయారీలో పగడపు సున్నపురాయి కలవడం వల్ల వాన పడితే అవి జారుతాయి. తుఫాను దగ్గరపడితే కారును ముందే తిరిగి అప్పగించాలి. పొద్దు గూకాక చెరకు తోటల అంచుల్లో, పాత రాతిగోడల పక్కన టార్చి లేకుండా నడవకూడదు, హాబు అనే విషసర్పం రాత్రి తిరిగేది అక్కడే.

భూకంపం, సునామీ ఏ నెలలోనైనా రావచ్చు. 2024 ఏప్రిల్ 3న తైవాన్‌లో వచ్చిన భూకంపం తరువాత ఒకినావాకు 3 మీటర్ల సునామీ హెచ్చరిక జారీ అయి, నాహా విమానాశ్రయంలో రాకపోకలు నిలిచిపోయాయి. వచ్చిన అలలు చిన్నవే, కాని హెచ్చరిక విన్నవారు ఆగి చూడకుండా ఎత్తైన చోటికో, గట్టి భవనపు పై అంతస్తులకో వెళ్ళడమే సరైన పని.

అంబులెన్సుకు 119, పోలీసులకు 110, సముద్రంలో ప్రమాదానికి 118. జపాన్ జాతీయ పర్యాటక సంస్థ పర్యాటకుల కోసం రోజంతా ఇంగ్లిష్‌లో నడిపే సహాయ నంబరు 050-3816-2787. వీటిని ఫోన్లో నింపుకోవడంతో పాటు, హోటల్ పేరూ చిరునామా జపనీస్‌లో రాయించిన కాగితం ఒకటి కుటుంబంలో ప్రతి ఒక్కరి జేబులోనూ ఉంచాలి. కరెంటు లేని రోజుల్లో ఫోన్ల మీద పూర్తిగా ఆధారపడలేము.