పూడ్చిన కన్నం పక్కనే మళ్లీ కన్నం పడుతోందా? ముందు చాంబర్ మూత ఎత్తండి

"పందికొక్కు కన్నం పూడ్పించాం, వారం తిరగకుండా పక్కనే ఇంకొకటి పడింది" అని వచ్చే ప్రతివారినీ నేను మొదట అడిగేది ఒకటే: డ్రైనేజీ చాంబర్ (ఇంటి మురుగు గొట్టాలు వచ్చి కలిసే ఇటుక తొట్టి) మూత ఎత్తి చూశారా? జవాబు దాదాపు ఎప్పుడూ లేదనే. మందు మార్చి ఉంటారు, బోను మార్చి ఉంటారు, కన్నంలో గాజు పెంకులు కుక్కి ఉంటారు, నెలనెలా డబ్బు కట్టి మందు కొట్టించి ఉంటారు. మూత మాత్రం ఎత్తి ఉండరు. ఒక గడ్డపార, పావుగంట ఓపిక ఉంటే అయిపోయే పని అది.

ఆ మూత సంగతికి వస్తాను. ముందు మీ ఇంట్లో తిరుగుతున్నది ఏదో తేల్చుకోవాలి. ఎలుకలని మనం ఒక్క మాటలో అనేస్తాం గానీ అందులో మూడు నాలుగు రకాల జీవులున్నాయి. ఒకదానికి పనిచేసిన ఉపాయం మరొకదానికి పనికిరాదు.

రాత్రిపూట అటక మీద పరుగులు, కొరికిన వైర్లు

ఇది ఇంటి ఎలుక. ఒంటికన్నా తోక పొడవుగా ఉంటుంది, గోడలూ తీగలూ పట్టుకుని ఎక్కేస్తుంది. గోడకు ఆనిన జామకొమ్మో, డాబా మీదికి వచ్చిన కేబుల్ తీగో, ఏసీ గొట్టం కోసం కొట్టి పూడ్చకుండా వదిలేసిన రంధ్రమో దానికి దారి అయి ఉంటుంది. కొమ్మలను గోడకు కనీసం 3 అడుగుల దూరం ఉండేలా కొట్టించండి. రంధ్రంలో ఇనుప జాలీ ముక్క కుక్కి, మీద సిమెంటు పెట్టండి. ఫోముతో నింపితే రెండు రాత్రుల్లో కొరికి పారేస్తుంది.

బోను గదికి నడిమధ్యన పెట్టకండి. ఎలుక గోడవారగానే నడుస్తుంది. కొత్త వస్తువు కనిపిస్తే దానికి అనుమానం కూడా. అందుకని మొదటి రెండు రాత్రులూ తలుపు పడకుండా కట్టేసి, లోపల ఎండుచేప ముక్కో కాల్చిన కొబ్బరో పెట్టి ఊరుకోండి. తిని వెళ్లడం అలవాటయ్యాక అప్పుడు తలుపు ఎక్కుపెట్టండి.

వంటింటి అరల్లో బియ్యపు గింజంత పెంటికలు

చిట్టెలుక. పెన్సిలు దూరే సందుంటే చాలు, వచ్చేస్తుంది. సింకు కింద గొట్టం గోడలోకి పోయే చోట చూడండి. ఆ సందు మూసి, పప్పులూ బియ్యమూ గట్టి మూతల డబ్బాల్లోకి మార్చి, చిన్న బోను పెడితే సరిపోతుంది. దీనికి మందు అవసరం లేదు.

మందు పెట్టినా ముట్టడం లేదు

కారణం రెండింటిలో ఒకటి. మొదటిది, అది ఎలుకే కాదు, చుంచు. మూతి పొడుగ్గా, కళ్లు చుక్కల్లా చిన్నగా ఉంటాయి. కీచుమంటూ గోడవెంట పరుగెడుతుంది, వెళ్లిన దారంతా ఘాటు వాసన మిగులుస్తుంది. దాని తిండి బొద్దింకలూ పురుగులూ. నూకల్లో కలిపిన మందు దానికి ఎందుకు? బొద్దింకలను వదిలించుకుని, బాత్రూము జాలీలు సరిచేసుకుంటే చాలావరకు అదే దారి చూసుకుంటుంది.

రెండోది, మందు భయం. నల్లటి పొడిగా దొరికే జింక్ ఫాస్ఫైడ్ కలిపిన ఎరను ఎలుక ముందు కొద్దిగా రుచి చూస్తుంది. చావకుండా జబ్బుపడి లేచిందంటే ఇక ఆ ఎర జోలికి రాదు. మీరు మళ్లీ అదే కలిపి పెడుతుంటారు, అది పక్కనుంచి పోతుంటుంది. అలాంటప్పుడు బ్రోమాడియోలోన్ 0.005 శాతం ఉండే బిళ్లలకు మారండి. వాటితో రక్తం గడ్డకట్టడం ఆగిపోయి కొన్ని రోజులకు గానీ చావదు కాబట్టి, తిన్నదానికీ జబ్బుకీ ముడిపెట్టుకోలేదు. బిళ్లలను పిల్లలకూ కుక్కలకూ అందని మూత పెట్టెలోనే పెట్టాలి. పొరపాటున ఎవరైనా తింటే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి, మందు పొట్లం కూడా పట్టుకెళ్లండి. దీనికి విరుగుడుగా విటమిన్ కె1 ఇస్తారు. పసుపు భాస్వరం (ఎల్లో ఫాస్ఫరస్) ఉండే పేస్టుకు ఆ విరుగుడు కూడా లేదు. అది కాలేయాన్ని దెబ్బతీస్తుంది, ఇంటికే తేవద్దు. ధాన్యం గోదాముల్లో వాడే అల్యూమినియం ఫాస్ఫైడ్ మాత్రలను కన్నంలో వేయమని సలహా ఇచ్చేవారి మాట అసలు వినకండి. వాటినుంచి వెలువడే విషవాయువు గచ్చు పగుళ్లగుండా పడకగదిలోకి వస్తుంది.

గోడవారన మట్టికుప్ప, పిడికిలి పట్టేంత కన్నం

పందికొక్కు. కన్నం కనిపించగానే సిమెంటు కలపకండి. సాయంత్రం న్యూస్‌పేపరు ఉండ చుట్టి కన్నంలో వదులుగా పెట్టండి. పొద్దున్నకు బయట పడి ఉంటే అందులో కాపురం ఉన్నట్టు, ఉండ కదలకపోతే పాత కన్నం. చాలామంది పాత కన్నాలు పూడ్చి, పక్కనున్న అసలుదాన్ని వదిలేస్తారు.

సాధారణంగా తిండి కోసమే వస్తుంది. రాత్రంతా బయట ఉండే కుక్క గిన్నె, పిచ్చుకలకు చల్లిన గింజలు, కోళ్లగూడు, గేటు పక్కన చెత్త సంచి. వాటిని ఎత్తేసి, పెద్ద బోను పెట్టి పట్టి, ఆపైన కన్నం పూడిస్తే సమస్య తీరుతుంది. తీరకపోతే కింది భాగం మీకోసమే.

పూడ్చిన చోటికి అడుగు దూరంలో మళ్లీ కన్నం

దీని లక్షణాలు వేరు. పెరట్లో తినడానికి ఏమీ ఉండదు, అయినా వస్తాయి. రెండు చస్తే కొద్ది రోజులకు కొత్తవి దిగుతాయి. పార్కింగ్ టైల్సు ఒక మూల కుంగుతాయి. మెట్ల కింద గచ్చు మీద కొడితే డొల్ల చప్పుడు వస్తుంది. పెద్ద వాన పడిన మర్నాడు కన్నాలు ఎక్కువవుతాయి. ఇన్ని కలిసి కనిపిస్తే ఇది పెరటి జబ్బు కాదు, డ్రైనేజీ జబ్బు.

వీధి డ్రైనేజీ లైన్లలో పందికొక్కులకు తిండికీ నీటికీ లోటు లేదు, ఈత బాగా వచ్చు. మీ ఇంటి చాంబర్ ఆ లైనుకే కలిసి ఉంటుంది. అక్కడినుంచి మీ గచ్చు కిందికి రావడానికి వాటికి రెండు దారులు. ఒకటి, గొట్టం చాంబర్ ఇటుక గోడలోకి దూరే చోట చుట్టూ సిమెంటు రాలిపోయిన సందు. ఇది కంటికి కనిపిస్తుంది, సులభంగా దొరుకుతుంది.

రెండోది దొంగదారి. పాత ఇంటిని బాగుచేయించినప్పుడు పెరటి మరుగుదొడ్డి పడగొట్టి లోపల బాత్రూము కడతారు, లేదా వంటిల్లు ఒక మూలనుంచి ఇంకో మూలకు మారుస్తారు. కొత్త గొట్టాలు వేస్తారు. పాత గొట్టాన్ని ఏం చేస్తారు? పైనున్న చివర నాలుగు ఇటుక ముక్కలు వేసి, మట్టి కప్పి, మీద టైల్సు పరుస్తారు. చాంబర్ వైపు నోరు మాత్రం తెరిచే ఉంటుంది. నీరు రాని, పొడిగా ఉన్న, నేరుగా మీ గచ్చు కిందికి పోయే సొరంగం అది. పందికొక్కు లోపలి చివర ఇటుక ముక్కల పక్కనుంచి తవ్వుకుని నేల కింద గది చేసుకుంటుంది. మీరు పట్టుదలగా పూడుస్తున్న కన్నం దాని దొడ్డి తలుపు. వీధి తలుపు చాంబర్లో ఉంది.

ఒక పాత కాలనీ ఇంట్లో మెట్ల కింద ఇలాగే కన్నాలు పడుతుంటే వెళ్లి చూశాను. పెరట్లో ఉన్నది ఎర్రమట్టి. కన్నం ముందు కుప్పపోసి ఉన్నది మాత్రం నల్లగా, తడిగా ఉంది. పుల్లతో కెలికితే నలిగిన షాంపూ పొట్లం, చిక్కుపడిన వెంట్రుకల ఉండ బయటపడ్డాయి. అవి బాత్రూము నీళ్లతో పోయే సరుకు, పెరటి మట్టిలోకి వచ్చే పని లేదు. చాంబర్ మూత ఎత్తితే లోపల మూడు గొట్టాల నోళ్లు. రెండు జిగటగా, నాచుపట్టి ఉన్నాయి. మూడోది పొడిగా ఉంది. దాని కింది పెదవి మాత్రం, రోజూ ఒళ్లు రాసుకుంటూ పోవడం వల్ల, జిడ్డు పట్టి నల్లగా మెరుస్తోంది. ఆ ఇంటివారు అప్పటికే మెట్ల కింద నేలను రెండుసార్లు కాంక్రీటు చేయించుకుని ఉన్నారు.

మీ ఇంట్లో ఉన్నదీ ఇదేనా అని తేల్చుకునే పద్ధతి చెబుతాను. చేతులకు తొడుగులు, కాళ్లకు బూట్లు వేసుకోండి. ఎలుకల మూత్రం కలిసిన నీటితో లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు వస్తుంది, కాలి మీద చిన్న గీత ఉన్నా చాలు. మీ ఆవరణలో ఉన్న, లోతు తక్కువ చాంబరే తెరవండి. వీధిలోని మ్యాన్‌హోల్ జోలికి వెళ్లవద్దు. ఏ చాంబర్లోనూ తల దూర్చకండి, లోపల వాయువులుంటాయి. ఫోను టార్చి వేసి, ఒక చిన్న అద్దం పట్టుకుని పైనుంచి చూస్తే చాలు.

లోపల నోళ్లు లెక్కపెట్టండి. ఇంట్లో ఒకరిని ఉంచి ఫ్లష్, సింకు, స్నానాలగది, వాషింగ్ మెషీను, డాబా వాననీటి గొట్టం ఒక్కొక్కటిగా నీళ్లు వదలమనండి. బట్టలకు వేసే నీలిమందు బకెట్టులో కలిపి పోస్తే ఏ నీరు ఎటునుంచి వస్తోందో గజిబిజి ఉండదు. ఎక్కడ పోసినా నీరు రాని నోరు ఏదైనా మిగిలితే అది పాత గొట్టం. డాబా సంగతి మరవకండి, వాననీటి గొట్టాన్ని పాతదనుకుని మూసేస్తే వచ్చే వానకు మీకే తెలుస్తుంది. ఆ పొడి నోట్లో న్యూస్‌పేపరు ఉండ వదులుగా పెట్టి రాత్రంతా వదిలేయండి. తెల్లారేసరికి ఉండ చాంబర్ అడుగున తడిసి ఉంటే ఇంకేం అనుమానం అక్కర్లేదు. నీరు పారే గొట్టంలో మాత్రం ఈ పరీక్ష చేయకండి.

గొట్టం ఎటు పోయిందో చూద్దామని గచ్చంతా పగలగొట్టించే వాళ్లున్నారు. కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే ఇదే. చాంబర్ వైపు నోరు మూస్తే చాలు, రెండో చివర ఎక్కడుందో మీకు అనవసరం. పీవీసీ గొట్టమైతే ఎండ్ క్యాప్ అతికించండి. పాత మట్టి గొట్టమో సిమెంటు గొట్టమో అయితే వెల్డ్ మెష్‌ను (గట్టి ఇనుప తీగల జాలీని) ఉండలా మడిచి జానెడు లోపలికి దిగ్గొట్టి, మూడు పాళ్ల ఇసుకకు ఒక పాలు సిమెంటు కలిపి నింపండి. మిగతా గొట్టాల చుట్టూ గుల్లబారిన సిమెంటును రాల్చి, మెష్ ముక్కలు పెట్టి మళ్లీ పూయించండి.

వరుస తప్పితే ఇదంతా వృథా. ముందు చాంబర్ వైపు మూయాలి. బయటి కన్నం తెరిచే ఉంచాలి. గచ్చు కింద చిక్కుకున్నవి బయటకు రావడానికి మిగిలిన దారి అదొక్కటే, అక్కడ పెద్ద బోను పెట్టండి. రెండు వైపులా ఒకేసారి మూస్తే లోపలిది ఊరుకోదు, వంటింట్లో టైలు పక్కన తేలుతుంది. ఈ దశలో మందు కూడా పెట్టవద్దు, నేల కిందే చచ్చి కంపు కొడుతుంది. కన్నంలో పెట్టిన పేపరు ఉండ వరుసగా నాలుగైదు రాత్రులు కదలకపోతే అప్పుడు పూడ్చండి. వట్టి ఇసుక పోస్తే దానికి తవ్వడం ఇంకా సులువు. రాళ్లు, కాంక్రీటు వేసి దిమ్మిసతో గట్టిగా కొట్టించండి. కుంగిన చోట టైల్సు తీసి అడుగు మట్టి గట్టిచేయకుండా మళ్లీ పరిస్తే ఏడాదిలో మళ్లీ కుంగుతాయి.

వీధి వైపు చివరి చాంబర్లో నాన్ రిటర్న్ వాల్వు (నీటిని బయటకే వదిలి, వెనక్కి రానివ్వని రేకు తలుపు) పెట్టించుకోవచ్చు. మంచిదే. అయితే దాని రేకులో గుడ్డముక్క ఇరుక్కుంటే తెరిచే ఉండిపోతుంది, అప్పుడప్పుడూ కడుగుతూ ఉండాలి. అపార్ట్‌మెంటులో చాంబర్ అందరిదీ కాబట్టి సంఘంతో మాట్లాడక తప్పదు. కింది అంతస్తువాళ్లు ఒక్కరే ఎన్ని కన్నాలు పూడ్చినా లాభం లేదు.

మిగతావి

ఇంట్లో చచ్చిన వాసన వస్తే అటక మీద, ఫ్రిజ్ వెనక మోటారు దగ్గర, సోఫా అడుగున చూడండి. దొరక్కపోతే కొన్నాళ్లు కిటికీలు తెరిచి ఉంచడమే. శబ్ద తరంగాల యంత్రాలకు ఎలుకలు త్వరగానే అలవాటు పడతాయి, డబ్బు దండగ. కాలువ గట్టున ఉన్న ఇళ్లలో కనిపించే తడిమట్టి బొరియలు పీతలవి కావచ్చు, వాటితో మీకు వచ్చిన నష్టం లేదు. కన్నం దగ్గర కుబుసం కనిపిస్తే అది పాము తవ్వింది కాదు, పందికొక్కు తవ్విన ఇంట్లో అది దిగింది. చేయి పెట్టకండి, నీళ్లు పోయకండి, పాములు పట్టేవారిని పిలిచి ఆ పని అయ్యాకే చాంబర్ దగ్గరికి వెళ్లండి.