జాక్సన్ హైట్స్ వెళ్తున్నారా? బిర్యానీ ఈసారికి వదిలేయండి

న్యూయార్క్ చుట్టుపక్కల ఉండే మనవాళ్లు క్వీన్స్‌లోని జాక్సన్ హైట్స్‌కి ఎప్పుడో ఒకప్పుడు వెళ్లే ఉంటారు. వెళ్లి 74వ వీధిలో కందిపప్పు, కరివేపాకు, ఊరగాయ సీసాలు కొనుక్కుని, ఆ పక్కనే ఏదో ఒక చోట బిర్యానీ తినేసి, ఆవలిస్తూ ట్రైన్ ఎక్కేస్తారు. నేనూ చాలా రోజులు అదే చేశాను. పక్క వీధిలో బంగ్లాదేశ్ వాళ్లు, నేపాలీలు, టిబెటన్లు, ఇంకొంచెం నడిస్తే కొలంబియా, ఈక్వడార్, మెక్సికో వాళ్లు వండి అమ్ముతున్నారని తెలియక కాదు, అటు వెళ్లేసరికి కడుపులో చోటు మిగలక.

అందుకే ముందుగా చెప్పేది, సరుకులు చివర్లో కొనండి. 20 పౌండ్ల బియ్యం సంచి ఒక చేత్తో పట్టుకుని రెండో చేత్తో మోమో తినడం ఎవరివల్లా కాదు, నేను ప్రయత్నించాను. రెండోది, ఎక్కడ ఆగినా ఒక్క ఐటమే తీసుకోండి, దాన్నే పంచుకోండి. ఇద్దరు ముగ్గురు వెళ్తే హాయిగా ఉంటుంది. ఆరుగురు వెళ్తే ఎక్కడ తినాలో తేల్చుకోవడానికే సగం రోజు పోతుంది, చివరికి అందరికీ నచ్చేది అదొక్కటే అని మళ్లీ బిర్యానీకే వస్తారు.

జేబులో చిన్న నోట్లు ఉంచుకోండి, బండ్ల దగ్గర కార్డు తీసుకుంటారన్న గ్యారంటీ లేదు. హోటల్లో కూర్చుని తింటే మెనూలో ఉన్న ధర మీద 8.875 శాతం సేల్స్ టాక్స్ పడుతుంది, ఆ పైన టిప్పు, ఈ రెండూ కలుపుకుని లెక్కేసుకోండి. కిటికీలో పెద్ద అక్షరం, నీలం రంగులో ఏ గానీ ఆకుపచ్చలో బీ గానీ కనిపిస్తే అవి శుభ్రత గ్రేడ్లు. 2010 నుంచి సిటీ హెల్త్ డిపార్ట్‌మెంట్ ఇస్తోంది. తనిఖీలో తప్పులకు పాయింట్లు వేస్తారు, 13 లోపు అయితే ఏ, 14 నుంచి 27 అయితే బీ, 28, ఆపైన అయితే సీ. వంట రుచికీ దీనికీ సంబంధం లేదు. బీ ఉన్న చోట నేను తింటాను, సీ కనిపిస్తే మాత్రం పక్క షాపు చూసుకుంటాను.

మాన్‌హాటన్ నుంచి E, F ట్రైన్లలో వస్తే తొందరగా వస్తారు. కానీ మొదటిసారి మాత్రం 7 నంబరు ట్రైన్ ఎక్కండి. క్వీన్స్‌లోకి రాగానే అది భూమి లోంచి బయటికొచ్చి వంతెన మీద పోతుంది, కాసేపటికి కింద రూజ్‌వెల్ట్ అవెన్యూ మొదలవుతుంది. మీరు ఆ తర్వాత నడవబోయేది ఆ రోడ్డు మీదే. 74వ వీధి-బ్రాడ్‌వే స్టేషన్లో దిగండి.

మెట్లు దిగితే 37వ రోడ్డు మీద డైవర్సిటీ ప్లాజా అని, కార్లు రాకుండా మూసేసిన చిన్న చోటు ఉంటుంది. మొదలు అక్కడే. బంగ్లాదేశ్ వాళ్ల ఫుచ్కా చూడగానే ఓస్ పానీపూరీయేగా అంటాం. అంతే అనుకుని దాటిపోకండి. లోపల పచ్చబఠాణీ కాదు, ఎండు బఠాణీ ఉడికించి మెదిపిన ముద్ద ఉంటుంది, చింతపండు నీళ్లు చిక్కగా విడిగా ఇస్తారు, పైన ఉడికిన గుడ్డు తురుముతారు. ఆ గుడ్డు సంగతి తెలియక మా అమ్మకి ఒక ప్లేటు చేతిలో పెట్టాను. ఆవిడ ఒకటి నోట్లో వేసుకుని, ఆ తెల్లటి తురుము కొబ్బరా అని అడిగింది. నేనూ కొబ్బరే అనుకుని అవునన్నాను. రెండోది తీసుకుంటుంటే బండి అబ్బాయి మా కళ్ల ముందే ఇంకో గుడ్డు వొలవడం మొదలుపెట్టాడు. ఇంటికెళ్లేదాకా ఆవిడ మాట్లాడలేదు. గుడ్డు వద్దనుకుంటే "డిమ్ ఛాడా" అనండి చాలు.

ఇక మోమోలు. బండ్ల మీదా దొరుకుతాయి, మొబైల్ షాపుల వెనకాల ఇరుకు కొట్లలోనూ దొరుకుతాయి. మూత తీయగానే ఆవిరి మొహానికి కొడుతుంది, ప్లేట్లో వేసి ఎర్రటి కారం పిచికారీ చేసి ఇస్తారు. వెంటనే కొరక్కండి, లోపల వేడి రసం ఉంటుంది, ఒక మూల చిన్న గాటు పెట్టి ముందు ఆ రసం పీల్చి తర్వాత తినాలి. ఇక్కడ చూసుకోవాల్సింది మాంసం. టిబెటన్ కొట్లో ఊరికే మోమో అంటే చాలాసార్లు బీఫే వస్తుంది, "షా" అంటే మాంసం. బీఫ్ తినని వాళ్లు చికెనో, వెజ్జో అని ముందే నోరు తెరిచి అడగాలి. నన్నడిగితే ఈ నాలుగు వీధుల్లో అందరూ వదిలేసే గొప్ప వస్తువు లాఫింగ్. పెసర పిండితో చేసిన చల్లటి, జారిపోయే పట్టీలు, మీద వెల్లుల్లి, మిరప నూనె, పుల్లటి పులుసు. మామూలు లాఫింగ్‌లో మాంసం ఉండదు. కారం మాత్రం మనవాళ్లకే కళ్లల్లో నీళ్లు తెప్పిస్తుంది.

ఇప్పుడు 7 ట్రైన్ వంతెన కిందే తూర్పుకి నడవండి. నెత్తిమీద ట్రైన్ వెళ్లినప్పుడల్లా మాట వినపడదు, ఆగి మళ్లీ మాట్లాడుకోవాలి. 82వ వీధి వైపు వెళ్లేకొద్దీ బోర్డులు హిందీ, బెంగాలీ నుంచి స్పానిష్‌లోకి మారిపోతాయి. మనవాళ్లు వెనక్కి తిరిగేది సరిగ్గా ఇక్కడే. మెనూ అర్థం కాదు, అందులో ఏ మాంసం ఉందో ఏమోనని టెన్షన్. వంటకాల పేర్లు బట్టీ కొట్టాలని చూస్తే మాత్రం ఎప్పటికీ అవదు, ఒక్కో దేశానికి ఒక్కో పేరు. మాంసాల పేర్లు నేర్చుకోండి, అవి పది కూడా ఉండవు. రెస్ అంటే బీఫ్. సెర్దో, పుయెర్కో రెండూ పందే, చిచర్రోన్ అంటే సాధారణంగా వేయించిన పంది. పోయో అంటే కోడి, పెస్కాదో అంటే చేప, కేసో అంటే చీజ్. కార్నే అంటే మాంసం అనే అర్థం, కానీ వాడుకలో ఎక్కువగా బీఫ్‌కే చెల్లుతుంది. అందుకే "సిన్ కార్నే", అంటే మాంసం లేకుండా అని అడిగితే ఎంతో మర్యాదగా చికెన్ పెట్టి ఇచ్చే అవకాశం ఉంది. వాళ్ల దృష్టిలో అది అబద్ధం కాదు. పూర్తి శాకాహారులైతే "సిన్ కార్నే, సిన్ పోయో, సిన్ పెస్కాదో" అని మూడూ చెప్పాలి.

అన్నిటికంటే ముఖ్యమైన మాట ఇంకొకటుంది, మాంతేకా. మెక్సికో వాళ్ల వంటింట్లో అంటే పంది కొవ్వు. కంటికి కనపడదు. చిక్కుడు గింజల ముద్దలో ఉండొచ్చు, మొక్కజొన్న పిండి ముద్దని ఆకులో చుట్టి ఆవిరి మీద ఉడికించే తమాలే పిండిలో చాలావరకు ఉంటుంది, లోపల చీజ్, పచ్చిమిరపే పెట్టినా బయట పిండి కలిపింది దాంతోనే కావచ్చు. "తియేనే మాంతేకా?" అని అడగండి, ఉందా అని. ఉంటే ఉందని చెప్పేస్తారు, మీరడిగినందుకు ఎవరూ ఏమీ అనుకోరు.

మాంసం తినేవాళ్లకి తమాలే గురించి ఒక మాట. పొద్దున్నే స్టేషన్ మెట్ల దగ్గర సరుకుల బండిలో కూలర్ పెట్టుకుని ఆడవాళ్లు నిలబడతారు. పనికి వెళ్లేవాళ్ల టిఫిన్ అది, పదకొండింటికి వెళ్తే అయిపోయి ఉంటుంది. వెర్దే అంటే పచ్చ సాస్‌ది, రోహో ఎర్రది, రాహాస్ మిరపకాయ ముక్కలూ చీజూ, దుల్సే తియ్యటిది. మొక్కజొన్న పొత్తు మీది ఆకు విప్పి లోపలిది తినాలి, ఆకు పారేయాలి. నవ్వకండి, దాన్ని కొరికిన వాణ్ని నేను చూశాను.

శాకాహారులు ఈ రోడ్డు మీద ఆకలితో ఉండాల్సిన పని లేదు. కొలంబియా బేకరీల్లో కర్రపెండలం పిండి, చీజ్ కలిపి కాల్చిన పాన్‌దెబోనో అనే గుండ్రటి బన్నులుంటాయి. లేత మొక్కజొన్నతో చేసిన తియ్యటి అట్టులో చీజ్ పెట్టిన అరేపా దె చోక్లో ఉంటుంది. మెక్సికో వాళ్ల దగ్గర గుమ్మడి పువ్వు (ఫ్లోర్ దె కలబాసా) పెట్టిన కేసదియా, అంటే చీజ్ పెట్టి మడిచి కాల్చిన రొట్టె, దొరికితే వదలొద్దు. పెనం మీదే ఆ పువ్వు చీజ్‌తో కలిసి వాడిపోతుంటే చూస్తూ నిలబడటం సగం సరదా. దానికీ మాంతేకా ప్రశ్న మర్చిపోకండి.

థాయ్ ఇష్టమైతే 82వ వీధి దగ్గర్నుంచి దక్షిణానికి ఎల్మ్‌హర్స్ట్ వైపు నడవండి. అది ఇంకో రోజుకి పెట్టుకుంటేనే మంచిది, కడుపు ఒకటే కదా. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి, కూరగాయల కూరే అన్నా అందులో చేప రసం, రొయ్యల ముద్ద ఉండొచ్చు. "జే" అంటే జంతువుల నుంచి వచ్చేదేదీ లేకుండా అని అర్థం, ఆ మాట వాళ్లకి వెంటనే తెలుస్తుంది.

మధ్యలో కూర్చోవాలనిపిస్తే 34వ అవెన్యూకి రండి. 2020లో కోవిడ్ టైములో కార్లు ఆపేసి జనానికి వదిలిన రోడ్డది, 26 బ్లాకుల పొడవు. పిల్లలు సైకిళ్లు తొక్కుతుంటారు, తిన్నది అరగడానికి ఇంతకన్నా మంచి చోటు లేదు. ఆదివారమైతే 78వ వీధి దగ్గర రైతుల సంత కూడా పెడతారు.

అప్పుడు 74వ వీధికి తిరిగొచ్చి బియ్యం కొనుక్కోండి. ఇంట్లో వాళ్ల కోసం పాన్‌దెబోనో పార్సిల్ తీసుకునేట్లయితే రెండే తీసుకోండి. వేడి మీద దూదిలా ఉంటుంది గానీ ట్రైన్ దిగి ఇంటికెళ్లేసరికి రాయి. మైక్రోవేవ్‌లో పెడితే ఇంకా మొండికేస్తుంది, ఓవెన్‌లో ఐదు నిమిషాలు పెడితే కొంచెం దారికొస్తుంది.