పాత జీపు పునర్నిర్మాణం – నాలుగో పాఠం: పెట్రోలు పైపుగా రాగి గొట్టం

గత పాఠంలో ట్యాంకు కడిగి ఆరబెట్టి ఛాసిస్‌కు (బండి చట్రానికి) బిగించాం. ఇప్పుడు ట్యాంకు నుంచి పంపు దాకా పెట్రోలు నడిచే దారి వేయాలి. కోరాపుట్, జయపురం, రాయగడ వైపు పాత జీపులు కట్టుకునే మనవాళ్లు చాలామంది దీనికోసం నేరుగా ఫ్రిజ్‌లు, ఏసీలు బాగుచేసే దుకాణానికి వెళ్లి మెత్తటి రాగి చుట్ట తెచ్చుకుంటారు. తేలిగ్గా దొరుకుతుంది, చేత్తో వంగుతుంది, తుప్పు పట్టదు. ఇవన్నీ నిజాలే. అయినా రాగికి ఒక బలహీనత ఉంది, అది తెలియకుండా పని మొదలుపెట్టకూడదు.

అదురు రాగికి పడదు. వంచిన ప్రతిసారీ, ఊగిన ప్రతిసారీ ఆ చోట రాగి గట్టిపడుతుంది. గట్టిపడ్డ రాగి ఒకరోజు చీలుతుంది. సాలూరు దాటి సుంకి ఘాటు ఎక్కే జీపులో ఇంజను ఒక రకంగా, ఛాసిస్ మరో రకంగా కదులుతుంటాయి. ఆ రెంటి మధ్య రాగి గొట్టాన్ని బిగిస్తే ఆ కదలికంతా గొట్టం మెడ మీదే పడుతుంది. చీలిక సాధారణంగా నట్టు వెనకాలే వస్తుంది, కింద వేడి సైలెన్సరు ఉంటుంది. అందుకే రాగి ఛాసిస్ వెంబడి మాత్రమే నడవాలి. అక్కడి నుంచి ఇంజను పంపుకు పెట్రోలును తట్టుకునే రబ్బరు హోసు, కనీసం జానెడు, కాస్త వదులుగా ఉండాలి. మామూలు నీళ్ల పైపు వాడితే పెట్రోలుకు ఉబ్బి ఊడిపోతుంది.

డీజిల్ ఇంజను పెట్టుకున్నవాళ్లు రాగిని అసలు వాడవద్దు. రాగి తగిలిన డీజిల్ త్వరగా పాడై జిగురు కడుతుంది, ఫిల్టరు మూసుకుపోతుంది. నిలవ ఉంటే పెట్రోలుకూ కొంత ఈ గుణం ఉంది కాబట్టి నెలల తరబడి కదలని బండికి ఉక్కు గొట్టమే మేలు. పెట్రోలును ఒత్తిడితో చిమ్మే ఇంజెక్షన్ ఉన్న ఇంజనుకూ రాగి వద్దు. కార్బురేటర్ (పెట్రోలును గాలితో కలిపే భాగం) ఉన్న ఇంజనులో పంపు ఒత్తిడి చదరపు అంగుళానికి సుమారు 3 నుంచి 6 పౌండ్లు. ఇంజెక్షన్‌లో అది సాధారణంగా 40 దాటుతుంది. బ్రేకు గొట్టంగా రాగిని ఎవరు సిఫార్సు చేసినా వినకండి. కార్బురేటర్ ఉన్న పెట్రోలు బండికి, రాగిలో పదో వంతు నికెల్ కలిపిన గొట్టం దొరికితే, అదురుకు మామూలు రాగి కన్నా ఎంతో బాగా నిలుస్తుంది. దొరికినవాళ్లు అదే తీసుకోండి, రెండో ఆలోచన వద్దు.

ఇక పని. చుట్ట పాతదై గట్టిపడి ఉంటే ముందు మెత్తబరచాలి. నీడలో పెట్టి మసక ఎరుపు రంగు వచ్చేదాకా సమంగా కాల్చి నీళ్లలో ముంచండి. ఉక్కు ముంచితే గట్టిపడుతుంది. రాగి మాత్రం మెత్తగానే ఉంటుంది. లోపల ఊడిన నల్లటి పొరను గాలితో, గుడ్డతో పూర్తిగా తీసేయాలి. అది కార్బురేటర్ జెట్‌లో, అంటే పెట్రోలు వెళ్లే సన్నటి రంధ్రంలో, ఇరుక్కుంటే మీ శ్రమంతా వృథా.

కోయడానికి హాక్సా వద్దు, పైపు కట్టరు వాడండి. చక్రాన్ని కొంచెం కొంచెంగా బిగిస్తూ తిప్పాలి. ఒక్కసారే బిగిస్తే గొట్టం నోరు లోపలికి ముడుచుకుపోతుంది. కోసిన అంచును గీసేటప్పుడు నోరు కిందికి పెట్టండి, రజను బయటే రాలుతుంది. ఇప్పుడు ముందుగా నట్టు ఎక్కించండి. ఈ ఒక్క మాట మరిచిపోతే వేసిన ఫ్లేరు (గరాటులా వెడల్పు చేసిన గొట్టం పెదవి) కోసి పారేయడమే.

గొట్టాన్ని ఫ్లేరింగ్ పరికరం పట్టీలో బిగించి, పట్టీ పైకి కాస్తే కనిపించేలా ఉంచండి. గొట్టం నోటిలోకి దిగే కోను మీద ఒక్క చుక్క నూనె వేయండి. ముప్పావు చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కి, అలా నెమ్మదిగా దించండి. చేతికి బిగువు తగలగానే ఆగాలి. ఇంకొంచెం అని తిప్పితే పెదవి పలచబడి కాగితమవుతుంది. మంచి ఫ్లేరు చుట్టూ ఒకే వెడల్పుతో, గీత లేకుండా మెరుస్తుంది. అంచున సన్నటి చీలిక కనిపించినా దాన్ని కోసేయండి, నట్టు బిగిస్తే మూసుకుంటుందని ఆశపడకండి. కోణం కూడా చూసుకోవాలి: 45 డిగ్రీల ఫ్లేరును 37 డిగ్రీల ఫిట్టింగులో పెడితే సన్నటి గీత మీదే ఆనుకుంటుంది, ఎంత బిగించినా కారుతుంది.

అతుకు అవసరమైతే ఫ్లేరు కనెక్టరే వాడాలి. మెత్తటి సీసం టంకం కొద్ది వేడికే కరుగుతుంది, దాన్ని పెట్రోలు దారిలో పెట్టకండి. గొట్టాన్ని జానెడుకొక క్లిప్పుతో, మధ్యలో రబ్బరు ముక్క వేసి ఛాసిస్‌కు పట్టించండి. రాగి నేరుగా ఉక్కుకు తగిలి తడిసి ఉంటే ఉక్కు తుప్పు పట్టి కొరుక్కుపోతుంది. సైలెన్సరుకు దూరంగా, రాయి తగలని చోట నడపండి.

పెట్రోలు పోసే ముందు పరీక్ష. గొట్టాన్ని ట్యాంకు, ఇంజను పంపు రెండింటి నుంచీ విడదీసి ఒక చివర మూసి, రెండో చివర సైకిలు పంపుతో కొద్దిగా గాలి పట్టించి, ప్రతి నట్టు మీదా సబ్బు నురుగు పూయండి. బుడగ వచ్చిన చోట విప్పి ఫ్లేరు చూడండి, ఊరికే బిగించకండి. ఇంజను మార్చినా, వాహన పత్రంలో ఉన్న వివరాలు మారినా, 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ వర్తిస్తుంది. ముందుగా రవాణా కార్యాలయంలో అనుమతి తీసుకోండి.

వచ్చే పాఠానికి అభ్యాసం: చిన్న ముక్కల మీద ఫ్లేర్లు వేసి, అందులో ఒకదాన్ని నిలువుగా కోసి పెదవి మందం గొట్టం మందంతో పోల్చి చూడండి. సగానికి తగ్గితే మళ్లీ వేయండి.